పాట కావాలా, ఆ రోజులు కావాలా?

చెప్పిందే చెప్పేవాణ్ణి "అరిగిపోయిన రికార్డు" అంటాం. తిరనాళ్ళలో స్టేజీ మీద గెంతులకి "రికార్డింగ్ డాన్స్" అంటాం. ఈ మాటలు వాడే కుర్రకారులో చాలామంది రికార్డుని కంటితో చూసి ఉండరు. వస్తువు పోయి మాట మిగిలిందనుకున్నాం. ఇప్పుడా వస్తువే తిరిగొచ్చింది. అమెరికాలో 2022లో సీడీలు 3 కోట్ల 30 లక్షలు అమ్ముడైతే వినైల్ రికార్డులు 4 కోట్ల 10 లక్షలు అమ్ముడయ్యాయి. రికార్డులది పైచేయి కావడం 1987 తర్వాత అదే మొదటిసారి.

మన దగ్గర అంత జోరు లేదు గానీ, ఉద్యోగాల్లో కుదురుకున్న మన పిల్లల్లో కూడా కొందరికి ఈ ఇష్టం పట్టుకుంది. మా అక్క కొడుకు హైదరాబాదులో ఉంటాడు. 18 వేలు పెట్టి టర్న్‌టేబుల్ కొన్నాడు. "ఫోన్లో లోకంలోని పాటలన్నీ ఉన్నాయి గదరా, ఇదెందుకు?" అనడిగాను. "ఫోన్లో పాట వింటున్నానో వెతుకుతున్నానో తెలీదు పిన్నీ. సగంలోనే ఇంకోదానికి పోతాను. దీంట్లో అలా పోబుద్ధి కాదు" అన్నాడు.

ఈ సంగతి ఒక మీటింగులో చెప్తే ఉద్యమ మిత్రుడొకాయన కొట్టిపారేశాడు. "ఇది డబ్బున్నోళ్ళ సరదా. పైగా తణ్హా. దీని మీద ధమ్మం పుస్తకంలో రాసేదేముంది?" అన్నాడు. ఇంకొకాయన అసలు సంగీతమే శీలానికి అడ్డు కాదా అన్నాడు. ముందు ఆ రెండో ఆయన సంగతి తేల్చేద్దాం. ఆటపాటలు మానుకోవాలన్నది భిక్షువులకీ, ఉపోసథం రోజున అష్టశీలాలు పట్టేవాళ్ళకీ ఉన్న నియమం. ఇంటిపట్టున ఉండే మనం రోజూ పట్టే పంచశీలాల్లో అది లేదు. మొదటాయన మాట మాత్రం నన్ను చాన్నాళ్ళు వదల్లేదు. పాతవాటి మీద మమకారం తప్పేనా?

రికార్డు ఎలా పలుకుతుందో ఒకసారి చూద్దాం. బయటి అంచు నుంచి మధ్యకి సుడి తిరుగుతూ సన్నటి గాడి ఉంటుంది. పాడినప్పుడు గాల్లో పుట్టిన కదలికే ఆ గాడి గోడల మీద ఒంపులుగా నిలిచి ఉంటుంది. ముల్లు ఆ ఒంపుల్లో నడుస్తూ వణుకుతుంది. ఆ వణుకే మళ్ళీ పాట. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డు ఒక వైపు మూడు, నాలుగు నిమిషాలే పాడేది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడినప్పుడు, తీరిగ్గా పాడుకునే రాగాన్ని ఆ కాస్త సమయంలోకి కుదించాల్సొచ్చింది. 1948లో కొలంబియా కంపెనీ తెచ్చిన ఎల్పీ రికార్డుతో ఒక్కో వైపు 20 నిమిషాలు దాటింది. అది అయ్యాక మనిషి లేచి వెళ్ళి తిప్పాలి. మావాడు "పోబుద్ధి కాదు" అన్నది ఇందుకే. ఆ 20 నిమిషాలు కూర్చుని వినడం చిన్న సంగతేం కాదు. ధ్యానానికి కూర్చుని అయిదు నిమిషాలకే ఫోను వైపు చెయ్యి పోయే మనకి అది తెలుసు.

పైగా రికార్డు విన్న ప్రతిసారీ ముల్లు గాడిని ఎంతో కొంత అరగదీస్తుంది. వినడమంటే ఖర్చు చెయ్యడమే. అనిచ్చ గురించి నేనిచ్చిన ఉపన్యాసాలన్నిటికంటే ఆ చిటపట చప్పుడే బాగా చెప్తుందేమో!

ఇక్కడిదాకా నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, కొన్నవాళ్ళు వింటున్నారా? అమెరికాలో వినైల్ కొనేవాళ్ళలో దాదాపు సగం మందికే ఇంట్లో ప్లేయరు ఉందని 2023లో ల్యూమినేట్ అనే సంస్థ లెక్క తేల్చింది. తమ గాయకుడికి నాలుగు డబ్బులు చేరాలని కొనేవాళ్ళూ అందులో ఉంటారు, వాళ్ళని నేననను. కానీ పైకాగితం చింపితే ధర పడిపోతుందని భద్రంగా దాచేవాళ్ళ సంగతేమిటి?

సంయుత్త నికాయంలో వీణా సుత్తం ఉంది. అంతవరకూ వీణ ఎరగని రాజు ఒకడు దాని నాదం విని మైమరిచిపోయాడు. వీణ తెచ్చి ఎదురుగా పెడితే, ఇది నాకెందుకు, ఆ నాదం తెండి అన్నాడు. తోలు, మెడ, తీగలు, మీటే మనిషి చేసే ప్రయత్నం, ఇవన్నీ కలిస్తేనే నాదం పుడుతుందని చెప్పారు. రాజు వినలేదు. వీణని ముక్కలు చేశాడు, పేళ్ళు తీశాడు, కాల్చాడు, బూడిదని గాలికి ఎగరేశాడు. నాదం ఎక్కడా దొరకలేదు. "నేను", "నాది" అని మనం పట్టుకు వేలాడేదాన్ని వెతికినా అలాగే దొరకదని చెప్పడానికి బుద్ధుడు ఈ కథ చెప్పాడు. ఆ రాజు వీణ విరగ్గొడితే ఇప్పటివాళ్ళు బీరువాలో పెట్టి తాళం వేస్తున్నారు. ఇద్దరికీ పాట దొరకలేదు.

వస్తువు సంగతి ఇది. నన్ను ఇంకా కలవరపెట్టేది "ఆ రోజులే వేరు" అనే మాట. పాత 78 రికార్డులు లక్కతో, రాతిపొడితో చేసేవాళ్ళు. ఛోటా నాగపూర్ అడవుల్లో ఆదివాసులు మోదుగ, కుసుమ, రేగు కొమ్మల మీంచి గీకి తెచ్చిన లక్క సముద్రాలు దాటి పాటగా మారేది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942లో, అమెరికా ప్రభుత్వం రికార్డులకిచ్చే లక్కని బాగా తగ్గించేసింది. కంపెనీలు వినైల్ వైపు మళ్ళడానికి ఆ కొరత కూడా ఒక కారణం. (వినైల్ అంటే మరేదో కాదు, మన నీళ్ళ గొట్టాల పీవీసీ జాతే.) లక్క గీకిన చేతుల్లో ఎందరి ఇళ్ళల్లో ఆ పాట మోగి ఉంటుంది?

అంత దూరం ఎందుకు, మా మేనమామే ఉన్నాడు. కుర్రతనంలో మైకుసెట్టు దగ్గర పనిచేశాడు. బ్యాటరీ మోసేవాడు, వేపచెట్టెక్కి హారన్లు కట్టేవాడు, రాత్రంతా కూర్చుని రికార్డులు మార్చేవాడు. పెద్దవీధి పెళ్ళిళ్ళలో పాటలన్నీ ఆయన చేతి మీదుగానే మోగేవి. పందిట్లో మాత్రం ఆయనకి చోటు లేదు. విస్తరి పెరటి గోడ అవతలకి వచ్చేది. పల్లెలో మేం ఆ పాటలు దూరం నుంచే విన్నాం. గాలి మా వైపు వీస్తే సగం పాట, లేకపోతే అదీ లేదు. "ఆహా, గ్రామఫోను రోజులు!" అని ఎవరైనా రాస్తే, అవి గోడకి ఏ వైపు రోజులని అడగాలనిపిస్తుంది నాకు.

పోయినేడు ఆయన కంటి ఆపరేషనుకని హైదరాబాదు వచ్చాడు. మా కుర్రాడు జుమ్మేరాత్ బజారులో కొన్న పాత తెలుగు సినిమా పాటల రికార్డు తీసి చూపించాడు. "మీద వేలు పెట్టకురా, అంచులు పట్టుకో" అని గదమాయించి, రెండు అరచేతుల మధ్య ఎత్తి, ఊది, తనే పెట్టాడు. ఒక వైపు అయ్యేదాకా కళ్ళు తెరవలేదు. "తాతయ్యా, ఆ రోజులే బాగుండేవి కదూ?" అన్నాడు మావాడు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాట బాగుందిరా. ఆ రోజులెందుకు నాకు?" అన్నాడు.

నాకు సిగ్గేసింది. ఆ గోడని తల్చుకుని నేను పాటని కూడా దూరం పెట్టిన రోజులున్నాయి. పాటలోంచి ఆ రోజుల్ని అంత తేలిగ్గా వేరు చేయడం నాకు రాలేదు. అన్నం గోడవతల తిన్న మనిషికి వచ్చింది.

తర్వాత ఆయనే ఇంకో సంగతి చెప్పాడు. పెళ్ళివారు పడుకున్నాక, తెల్లవారుజామున సామాను సర్దే ముందు, ఆంప్లిఫయరు కట్టేసి ఒక్క రికార్డు తనకోసం వేసుకునేవాడట. హారన్లు మూగబోయినా ముల్లు దగ్గర చెవి పెడితే పాట సన్నగా, దోమ పాడినట్టు వినపడుతుందట. మావాడు నమ్మలేదు. స్పీకర్ల స్విచ్చి కట్టేసి, రికార్డు రెండో వైపు తిప్పి ముల్లు ఆనించాడు. ముగ్గురం తలలు దగ్గరపెట్టి వంగాం. నిజమే, వినపడుతోంది.