చేతి ఖర్చులో నమ్మకత్వం



పౌలు కొరింథు సంఘానికి నేర్పిన చందా క్రమం గమనించండి (1 కొరింథీ 16:2). మిగిలితే ఇమ్మనలేదు, వారం ఆరంభంలోనే తీసి ఉంచమన్నాడు. మన పిల్లల చేతి ఖర్చుకూ ఇదే క్రమం.

ఆదివారం రూ. 200 ఇచ్చారనుకోండి. కానుకకు 20, బస్సుకు 80, టీ టిఫినుకు 60, నిలువకు 40 అని విడదీయించండి. నేడు ఫోనుతో చెల్లిస్తున్నాం గనుక డబ్బు పోవడం కంటికి కనబడదు. రాత్రి పుస్తకంలో వ్రాసే ఒక్క వరుస దాన్ని చూపిస్తుంది. గురువారానికే అయిపోతే బస్సుకు, ఆకలికి కాదనకండి. కాని ఏ పద్దు దాటిందో పిల్లలతో కూర్చుని చూడండి. దండన వద్దు, లెక్క చాలు. ఇంట్లో లెక్క చెప్పుకోలేని బిడ్డే బయట అప్పుకు చేయి చాస్తాడు.

1876–78 కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వించే పని తీసుకున్నారు. ఆకలిగొన్న మన పెద్దలు మన్ను మోసి కూలి సంపాదించుకున్నారు. ఆ కాలువ మన చెన్నైలోనూ ఉంది. దాన్ని దాటేటప్పుడు పిల్లలకు చెప్పండి: ప్రతి రూపాయి వెనుక ఒకరి చెమట ఉన్నది.

చిన్న మొత్తాన్ని నమ్మకంగా వాడే చేతులను ప్రభువు మన బిడ్డలకు దయచేయును గాక. ఆమేన్.