అరగని బొమ్మ

మీటరు గేజిలో రెండు పట్టాల మధ్య దూరం వెయ్యి మిల్లీమీటర్లు. దాన్ని ఇరవై రెండున్నర వంతులు చేసి అందులో ఒక వంతు తీసుకుంటే ఇంచుమించు 45 మిల్లీమీటర్లు వస్తుంది. 1968లో జర్మనీలోని నూరెంబర్గ్ బొమ్మల ప్రదర్శనలో లేమాన్ కంపెనీ ఈ లెక్క మీదే ఎల్‌జీబీ అనే కొత్త రైలును పెట్టింది. ఇంట్లో చోటు చాలక బొమ్మ రైళ్ళు ఏటికేడు చిన్నవైపోతున్న కాలం అది. వీళ్ళు ఎదురు నడిచారు. వానకి తడిసినా, ఎండకి మాడినా చెడని పెద్ద రైలు చేసి, పెరట్లో మొక్కల మధ్య నడుపుకోమన్నారు. ఆస్ట్రియాలో స్టైన్జ్ అనే చిన్న ఊరి లైను మీద తిరిగిన బుల్లి ఆవిరి ఇంజనే వాళ్ళ మొదటి నమూనా.

గుంటూరు నుంచి మార్కాపురం, గిద్దలూరు, నంద్యాల మీదుగా గుంతకల్లు పోయే మీటరు గేజి బండి ఎరిగినవాణ్ణి నేను. అమెరికా వచ్చాక ఒక పెరట్లో ఈ రైలు చూసినప్పుడు ఆ పెట్టెల పొట్టితనంలో ఏదో చుట్టరికం కనిపించింది. మా బండి తొంభైలలో బ్రాడ్‌గేజి కింద పడి పోయింది. ఈ బొమ్మ బండి ఇప్పుడు మార్కెట్లో చచ్చిపోతోంది. రెండు చావులూ ఒకటి కావు. మా బండి అవసరానికి చాలక పోయింది. బొమ్మ బండి మాత్రం, నాకు తోచినంతలో, మరీ చక్కగా చేసినందుకే పోతోంది.

లేమాన్ నిన్నా మొన్నా పుట్టిన కంపెనీ కాదు. 1881లో బ్రాండెన్‌బర్గ్‌లో రేకు బొమ్మలు చేస్తూ మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తరువాత తూర్పు జర్మనీలో ఫ్యాక్టరీ చేజారితే, నూరెంబర్గ్ చేరి 1951లో మళ్ళీ కుంపటి వెలిగించుకుంది. యుద్ధాలకి చావనిది 2006లో దివాలా తీసింది. మరుసటేడు మెర్క్లిన్ అనే మరో బొమ్మ రైళ్ళ కంపెనీ దాన్ని కొనుక్కుంది. ఆ మెర్క్లినే తన నూటయాభయ్యో ఏట, 2009లో, కోర్టుకెక్కి చేతులెత్తేసి, చివరికి 2013లో సింబా-డికీ అనే బొమ్మల కంపెనీ గూటికి చేరింది. ఆ ఏడాది చివరికే అమెరికాలో ఇలాంటి పెద్ద రైళ్ళే చేసే అరిస్టో-క్రాఫ్ట్ తలుపులు మూసింది. ఈ పెరటి రైళ్ళ కోసమే 1984లో మొదలైన ‘గార్డెన్ రైల్వేస్’ పత్రిక 2020తో ఆగిపోయింది.

ఎందుకని అడిగితే అందరూ చెప్పే కారణాలు ఉన్నాయి. పట్టాలు ఇత్తడివి, ఇత్తడి ధర పెరిగింది. చైనాలో కూలి పెరిగింది. పెరళ్ళు చిన్నవయ్యాయి. నేల మీద వంగి పట్టాలు సర్దేవాళ్ళ మోకాళ్ళు అరిగాయి. పిల్లలు ఫోన్లు వదలడం లేదన్న మాట మాత్రం నాకు సోమరి జవాబుగా తోస్తుంది. ఈ రైళ్ళు కొన్నది పిల్లలు కారు, పెద్దలు. ఇప్పుడు ఒక్క ఇంజను వెయ్యి డాలర్లు దాటడం మామూలు. ఏ కాలపు పిల్లవాడు కొంటాడు?

దీనికి తోడు కొలతల గందరగోళం ఒకటి. 45 మిల్లీమీటర్ల పట్టా మీద మామూలు పెద్ద రైలు సరిగ్గా కూర్చోవాలంటే 1:32 కొలతలో చెయ్యాలి. అమెరికన్ కంపెనీలు కొన్ని 1:29లో చేసి అమ్మాయి. లెక్క తప్పే, కానీ బండి ఇంకాస్త భారీగా కనిపిస్తుంది. అమెరికా మూడడుగుల లైన్ల బళ్ళు చేసేవాళ్ళది 1:20.3. పట్టా ఒకటే, దాని మీద తిరిగే లోకాలు వేరు వేరు. పొరుగువాడి బండి పక్కన మన బండి పెడితే డ్రైవరు తల పెట్టె కిటికీలో పట్టదు. కొనేవాళ్ళే కొద్దిమంది అయినచోట, వాళ్ళని ఇన్ని ముక్కలు చేసుకోవడం తెలివైన పని కాదు.

అయినా అసలు దెబ్బ లోపలి నుంచే వచ్చిందని నా నమ్మకం. యాభై ఏళ్ళ కిందటి స్టైన్జ్ ఇంజనుకి నూనె చుక్క వేసి, ఇవాళ కొన్న పట్టా మీద పెట్టి కరెంటు ఇస్తే ఇవాళ కొన్న పెట్టెని లాక్కుపోతుంది. కొనుక్కున్నవాడికి ఇంతకంటే ఏం కావాలి? అమ్మినవాడికి మాత్రం ఇదే గండం. కొత్త ఇంజను అమ్ముకోవలసిన కంపెనీకి గట్టి పోటీదారు, ముప్పై ఏళ్ళ కిందట తానే అమ్మిన ఇంజను. వస్తువు కలకాలం ఉండాలని మనం కోరతాం. దాన్ని చేసేవాడి బతుకు అది పాడవడం మీద ఆధారపడి ఉంటుంది. ఈ రెండు కోరికలూ ఒకే బిల్లు మీద సంతకం పెడతాయి.

ఒకసారి మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు, మా వీధిలో ఒక పెద్దాయన పోయాక ఇంటి సామానంతా వాకిట్లో పెట్టి అమ్ముతున్నారు. బల్ల నిండా ఎర్ర డబ్బాల్లో ఎల్‌జీబీ బళ్ళు. కొన్నింటి మూత కూడా విప్పలేదు.

“ఎవరివిరా ఇవన్నీ?”

“పోయినాయనవమ్మా.”

“పిల్లలు లేరా?”

“ఉన్నారు. అమ్ముతున్నది వాళ్ళే.”

“అయితే ఆయన ఒక్కడే ఆడుకున్నాడన్నమాట” అంది.

అమ్మ ఏటా బొమ్మల కొలువు పెట్టే మనిషి. కొండపల్లి ఏనుగు అంబారీకి రంగు పోయింది, అమ్మితే టీ డబ్బులు కూడా రావు. అయినా పండగొస్తే అటక మీంచి దింపాల్సిందే, పేరంటానికి వచ్చినవాళ్ళు చూడాల్సిందే. దాన్ని నిలబెట్టింది ధర కాదు, తిరిగి తిరిగి వచ్చే తిథి. అమెరికాలో క్రిస్మస్ చెట్టు చుట్టూ రైలు తిప్పే ఇళ్ళలోనూ ఇలాంటి తిథే ఉంది. ఆ రైలుని పిల్లలు అమ్మరు, పంచుకుంటారు, ఒక్కోసారి పోట్లాడుకుంటారు. మూత విప్పని డబ్బాకి ఆ అదృష్టం లేదు. ముందు ముందు విలువ పెరుగుతుందని దాచినవాళ్ళు, ఇంకా పుట్టని ఎవరో కొంటారని వాళ్ళ తరఫున మాట ఇచ్చేశారు. పైగా అందరూ దాదాపు ఒకే ఈడువాళ్ళు. ఒకే కాలంలో కొన్నారు, ఒకే కాలంలో పోతున్నారు. అన్ని డబ్బాలూ ఒక్కసారే వాకిట్లోకి వస్తున్నాయి.

ధర పడిపోవడం కంపెనీకీ, దాచినవాళ్ళ వారసులకీ నష్టం. కొత్తవాడికి మాత్రం ఇన్నాళ్ళూ మూసి ఉన్న తలుపు తెరుచుకోవడం. ఇప్పుడు ఈ ఆటలోకి వచ్చేవాళ్ళలో కొందరు పోయినవాళ్ళ ఇంజన్లు చవగ్గా కొని, లోపలి తీగలు పీకేసి, బ్యాటరీ పెట్టి రేడియో మీద నడుపుతున్నారు. పట్టాల్లో కరెంటు అక్కర్లేదు కనక రోజూ వాటిని తోమే బాధ తప్పింది. పగిలిన ప్లాస్టిక్ పళ్ళచక్రాన్ని త్రీడీ ప్రింటర్ మీద తామే పోసుకుంటున్నారు. ఇంతా చేస్తే ఏ బొమ్మ రైళ్ళ కంపెనీకీ సెంటు ముట్టదు కాబట్టి, అమ్మకాల లెక్కల్లో వీళ్ళు లేనే లేరు. వీళ్ళు ఇంట్లో చేసుకోలేనిది ఒక్క పట్టా. దానికి మాత్రం ఇంకా ఏదో ఒక ఫ్యాక్టరీ నడవాలి, లేదా ఇంకో పెద్దాయన పెరటిని ఎవరో తవ్వాలి.