క్రైస్తవులు ఫ్రీమేసనులు గావచ్చునా?

1723వ సంవత్సరమున లండనునందు జేమ్సు ఆండర్సను కూర్చిన ఫ్రీమేసనుల నియమావళి, మనుజులెల్లరు నంగీకరించు మతమే సభ్యులకు జాలునని విధించెను. పరమేశ్వరుని నమ్మినవాడు ఏ మతస్థుడైనను వారి లాడ్జీయందు సోదరుడే. 1738లో పండ్రెండవ క్లెమెంటు పోపు దీనిని నిషేధించెను. 1983లోను 2023లోను రోమను పీఠము ఆ నిషేధమునే స్థిరపఱచెను. ఇంగ్లాండు సంఘమునందో, కాంటర్బరీ ఆర్చిబిషప్పుగా నుండిన జెఫ్రీ ఫిషరే మేసను. అయినను 1987లో ఆ సంఘపు మహాసభ యామోదించిన నివేదిక, ఇది క్రైస్తవధర్మముతో బొసగునా యని గట్టిగా శంకించెను.

అన్యమతస్థులతో గూడి దేవుని స్మరించుట దోషమని మేము తలంపము. దీనులకు వీరు చేయు సాహాయ్యమును శ్లాఘింతుము. మఱి చిక్కెక్కడ? ప్రమాణమునందు. చేరువాడు రహస్యమెట్టిదో యెఱుగకమునుపే పవిత్రగ్రంథముపై జేయిడి దానిని దాచెదనని యొట్టు పెట్టుకొనవలెను. న్యాయస్థానమునను ప్రమాణము చేయుదురు గదా యందురేని, అది యెఱిగిన సత్యమును వెల్లడించుటకు. ఇది యెఱుగనిదానిని గప్పిపుచ్చుటకు. ధర్మవిరుద్ధమేమియు నుండదని ముందుగా జెప్పుదురు, నిజమే. కాని యా మాట నమ్మి యొట్టిడుట తన యంతరాత్మను పరులకడ గుదువబెట్టుటయే గదా! ఏసు శిష్యులకు ఒట్టులే వలదనెను.

చేరినవారిని మేము నిందింపము. వారిలో సజ్జనులు పెక్కండ్రు. అయినను సాటివానిని బ్రేమించుటకు సంకేతములేల? తలుపు తెఱచియే చేయదగిన మేలును మూసి చేయుట యేల? కావున క్రైస్తవుడు చేరకుండుటయే శ్రేయమని మా యభిప్రాయము.