బ్రదుకుమన్న దేవుడు

మూలవాక్యము: యెహెజ్కేలు 16:4-6



యెరూషలేము స్థితిని చూపుటకు దేవుడు ప్రవక్తచేత ఒక పసికందు సంగతి చెప్పించాడు. బొడ్డు కోసే చెయ్యి లేదు, చుట్టే గుడ్డ లేదు, పొలములో పారవేశారు. అటుగా వెళ్లుచు దేవుడు చూచి, బ్రదుకుమన్నాడు. (ఆ కాలమున బిడ్డకు ఉప్పు రాసేవారు. ఈ వచనము చదివి ఇప్పుడెవరూ రాయవద్దు.)

మా మొదటి బిడ్డ 1988 డిసెంబరులో ఇంట్లోనే పుట్టింది. చాలా చిన్న బిడ్డ. నేను ట్రైనింగు అయిన ఉపాధ్యాయుణ్ణి. బడిలో ఆరోగ్య పాఠము చెప్పేవాణ్ణి. అయినను ముర్రుపాలు పిండి పారబోస్తుంటే పెద్దలకు అడ్డు చెప్పలేదు. నాలుకకు తేనె రాశారు. ఆ చలిలో గంటలోపే నీళ్లు పోశారు. నాల్గవ నాడు బిడ్డ పాలు చీకడం మానింది, ఒళ్లు చల్లబడింది. దిష్టి అన్నారు కొందరు. ప్రార్థన చేసి, తెల్లవారాక ఆసుపత్రికి పోదామన్నాను. తెల్లవారుజామున బిడ్డ పోయింది. దేవుని చిత్తమన్నాను. ఆయన చిత్తము బ్రదుకుమనుటే గదా! ఆ రాత్రి ఆగినవాణ్ణి నేను.

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా తెలంగాణ సరిహద్దున ఉన్నది. దాని సిరొంచ తాలూకాలో మన భాషవారు ఉన్నారు. ఆ జిల్లాలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు 39 గ్రామాలలో ఊరి స్త్రీలకే తర్ఫీదు ఇచ్చారు. బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి లెక్కించడం, చీము పట్టే జబ్బులను గుర్తించి మందివ్వడం నేర్పారు. 1993-95లో అక్కడ వెయ్యి మంది పుడితే నెలలోపు 62 మంది చనిపోయేవారు. ఈ సేవ మూడవ యేట సుమారు 25 మందికి తగ్గింది. 1999లో లాన్సెట్ పత్రిక దీనిని ప్రచురించింది.

2011 నుండి ప్రభుత్వము ఆశా కార్యకర్తలను ఇంటికి పంపుచున్నది: 3, 7, 14, 21, 28, 42వ దినములలో. మన ఇండ్లలో జరిగేదేమిటి? ఆమె కన్నడములోనో ఒడియాలోనో మాటాడుతుంది. ఆంధ్ర నుండి వచ్చిన కోడలికి ఆ భాష రాదు. అత్తగారు గుమ్మములోనే పంపివేస్తారు. అత్తలారా, మీకు ఆ భాష వచ్చును గదా, పక్కన కూర్చుండి తెలుగులో చెప్పండి.

గంటలోపు తల్లిపాలు, ముర్రుపాలతో సహా. ఆరు నెలలు మరేమీ వద్దు, తేనె, ఆముదము, పంచదార నీళ్లు ఏవీ. మొదటి దినము స్నానము వద్దు. బొడ్డుకు పసుపు, బూడిద రాయవద్దు. బిడ్డ పాలు మానినా, ఒళ్లు చల్లబడినా, కాలినా, మూర్ఛ వచ్చినా, నెమ్మదిగా ఉన్నప్పుడు నిమిషానికి ఊపిరి 60 దాటినా ఆ గంటనే ఆసుపత్రికి బయలుదేరాలి. దారిలో ప్రార్థన చేయవచ్చును. దేవుడు ఆటోలోనూ వింటాడు.

రెండున్నర కిలోలకు తక్కువైన బిడ్డను తల్లి రొమ్మున ఒంటికి ఒళ్లు ఆనించి పడుకోబెట్టమంటారు. తండ్రి రొమ్మైనను సరే. పోయిన యేడు మా మనుమరాలు రెండు కిలోలతో పుట్టినప్పుడు మా అబ్బాయి చొక్కా విప్పి, బిడ్డను పెట్టుకొని గంటల తరబడి కూర్చున్నాడు. మా ఇంటావిడ గుమ్మము దగ్గర నిలుచుండి చాలాసేపు చూచింది. తరువాత ఏమీ అనక వంటింటిలోనికి వెళ్లిపోయింది.