సమాధిలోనూ సమానత్వమే

థాడియస్ స్టీవెన్స్ 1792 ఏప్రిల్ 4న అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో పేద ఇంట పుట్టాడు. పుట్టుకతోనే ఒక పాదం వంకర. తండ్రి ఇల్లు విడిచిపోతే తల్లి రెక్కలు ముక్కలు చేసుకుని చదివించింది. స్టీవెన్స్ పెన్సిల్వేనియాలో వకీలుగా స్థిరపడ్డాడు.

1835లో అక్కడి శాసనసభ ఉచిత పాఠశాలల చట్టాన్ని రద్దు చేయబోతే, ఆయన ప్రసంగం దాన్ని నిలబెట్టింది. 1838లో ఆ రాష్ట్ర కొత్త రాజ్యాంగం నల్లవారి ఓటు హక్కును తీసేసింది. ఆ పత్రంపై స్టీవెన్స్ సంతకం చేయలేదు.

1848లో జాతీయ ప్రతినిధుల సభకు ఎన్నికయ్యాడు. బానిసత్వంపై దక్షిణాది రాష్ట్రాలతో జరిగిన అంతర్యుద్ధంలో సభ ఆర్థిక సంఘం అధ్యక్షుడిగా ప్రభుత్వానికి నిధులు సమకూర్చాడు. 1863లో దక్షిణాది సేనలు ఆయన ఇనుప కర్మాగారాన్ని తగలబెట్టాయి. ఆయన వెనకడుగు వేయలేదు. బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణకూ, అందరికీ చట్టం ముందు సమాన రక్షణ ఇచ్చిన 14వ సవరణకూ గట్టిగా పోరాడాడు. పెద్ద భూస్వాముల నేలను స్వాధీనం చేసుకుని, విముక్తులైన కుటుంబాలకు 40 ఎకరాల చొప్పున పంచాలని కోరాడు. దున్నేవాడికి భూమి లేనిదే స్వేచ్ఛ నిలవదని ఆయన నమ్మకం. సభ ఒప్పుకోలేదు.

1868 ఆగస్టు 11న ఆయన కన్నుమూశాడు. లాంకాస్టర్‌లోని ఇతర శ్మశానాలు నల్లవారిని రానిచ్చేవి కావు కనుక, అన్ని జాతులకూ చోటిచ్చే చిన్న శ్మశానాన్ని బతికుండగానే ఎంచుకున్నాడు. ఆ కారణాన్నే తన సమాధి రాతిపై చెక్కేందుకు తానే రాసిపెట్టాడు.