తగలని దెబ్బ

సికింద్రాబాద్ చిలకలగూడలో ఐదుగురు స్నేహితులుండేవారు. ఒకడు కథలు రాసేవాడు. ఒకడికి కెమెరా పట్టడం వచ్చు. ఒకడు ఇంట్లోనే కూర్చుని ఎడిటింగ్ నేర్చుకున్నాడు. నాలుగోవాడు ఆరడుగుల పొడగరి, చూడగానే హీరో. ఐదోవాడు ప్యాట్నీ దగ్గర మొబైల్ షాపులో పనిచేసే బక్కపలచటి కుర్రాడు. విలన్ వేషానికి ఎవరూ ముందుకు రాకపోతే, "నేనేస్త తియ్యిరా, నాకేంది" అన్నాడు.

ఐదుగురూ కలిసి ఆరు నిమిషాల యాక్షన్ సినిమా తీయాలనుకున్నారు. పక్కనే పద్మారావునగర్. అక్కడి శేఖర్ కమ్ముల 2000లో కొత్త ముఖాలతో, చిన్న బడ్జెట్‌తో 'డాలర్ డ్రీమ్స్' తీసి, తొలి సినిమాకే జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. 2018లో తరుణ్ భాస్కర్ 'ఈ నగరానికి ఏమైంది'లో షార్ట్ ఫిల్మ్ కల పెట్టుకున్న నలుగురు స్నేహితుల కథే చెప్పారు. ఆ సినిమాను మన ఐదుగురూ ఎన్నిసార్లు చూశారో లెక్క లేదు. వాళ్లు చేస్తే మనం చేయలేమా అన్న ధైర్యం సికింద్రాబాద్ గల్లీల్లో ఇలాగే పుడుతుంది. పుట్టాలి కూడా.

కెమెరా, రెండు లెన్సులు, ట్రైపాడ్ కలిపి రెండు రోజులకు అద్దెకు తెచ్చారు. తలా ఇంత వేసుకున్న డబ్బు. సోమవారం పొద్దున తిరిగి ఇచ్చేయాలి. అదే రోజు రాత్రి హీరో బెంగళూరు రైలెక్కాలి, ఉద్యోగంలో చేరే తేదీ మారదు. అంటే శనివారం, ఆదివారం తప్ప మరో రోజు లేదు. కథ రాసినవాడే డైరెక్టర్. వాడు 41 షాట్లు రాసుకొచ్చాడు.

శుక్రవారం సాయంత్రం ఫైట్ కంపోజ్ చేసుకోవాలనుకున్నారు. ఎవరు ఎటు తిరగాలి, చెయ్యి ఎక్కడ ఆగాలి, దెబ్బ తిన్నవాడు ఎటు పడాలి, ఇవన్నీ ముందే తేల్చుకోవాలని అనుకున్నారు. హీరో సూట్‌కేసు కొనడానికి జనరల్ బజార్ వెళ్లాడు. విలన్ షాపు రాత్రి తొమ్మిదిన్నరకు గానీ మూయలేదు. "పర్లేదురా, రేపు అక్కడే చూస్కుందాం" అన్నాడు డైరెక్టర్.

ఆయుధం సైకిల్ చైన్. చైన్ ఫైట్ ఉన్న 'శివ' సినిమా వచ్చింది 1989లో. ఈ ఐదుగురిలో ఒక్కడూ అప్పటికి పుట్టలేదు. అయినా తెలుగు కుర్రాడు ఫైట్ అనుకున్నాడంటే చెయ్యి సైకిల్ చైన్ దగ్గరికే పోతుంది. రాణిగంజ్‌లో పాత చైన్ ఒకటి సంపాదించి కిరోసిన్‌తో కడిగారు. ఎంత కడిగినా గ్రీజు వేళ్లకు అంటుతూనే ఉంది.

శనివారం డాబా మీద షూటింగ్. పదకొండింటికి మొదలుపెట్టి పరుగులు పెట్టారు. ఒక షాట్ కాగానే ఇంకొకటి. "అయిందా? అయింది. నెక్స్ట్." మధ్యాహ్నం రెండింటికి బ్యాటరీ అయిపోయింది. రెండోది ఛార్జింగులో ఉంది. ఇరవై నిమిషాలు చేసేదేం లేక హీరో, విలన్ ఇద్దరూ నీళ్ల ట్యాంకు నీడలో నిలబడి ఆ తర్వాతి దెబ్బను ఆడుకున్నారు. "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టుకుంటూ, నవ్వుకుంటూ, పదిసార్లో పన్నెండుసార్లో ఆడి ఉంటారు. బ్యాటరీ వచ్చాక ఆ షాట్ ఒక్క టేక్‌లో అయిపోయింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మళ్లీ పరుగే.

అయిదింటికి 23 షాట్లయ్యాయి. పొద్దు పక్క బిల్డింగు ట్యాంకు వెనక్కి జారుతోంది. "ఇదొక్కటి చేసేద్దాం, ఇదొక్కటి" అంటున్నాడు డైరెక్టర్. హీరో తాను నిలబడాల్సిన చోటు సరిగ్గా ఉందో లేదోనని లెన్సు వైపు చూస్తూ చైన్ తిప్పాడు. చెయ్యి అనుకున్నచోటే ఆగింది. చైన్ కొస మాత్రం ఆగలేదు. పెద్ద చప్పుడేం రాలేదు. విలన్ అరవలేదు, పడిపోలేదు. ఏదో గుర్తొచ్చినవాడిలా ఎడమ కనుబొమ్మ మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. వేళ్ల మధ్య నుంచి నెత్తురు, దాంట్లో నల్లగా కలిసిన గ్రీజు.

దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌లో మూడు కుట్లు పడ్డాయి. కంటికి వేలెడు పైన తగిలిందని డాక్టర్ చెప్పింది. ఆ తర్వాత టీటీ ఇంజెక్షన్ వేసేదాకా ఎవరూ నోరు తెరవలేదు.

ఆ రాత్రి ఎడిటర్ గదిలో ఐదుగురూ చేరారు. సినిమా ఆపేద్దామనే ముగ్గురూ అన్నారు. హీరో గోడకు ఆనుకుని తలొంచుకు కూర్చున్నాడు. తీసినవి చూద్దామన్నది విలనే. లాప్‌టాప్‌లో ఒక్కొక్కటే నడుస్తోంది. చైన్ తగిలిన షాట్ వచ్చింది. గది బిగుసుకుపోయింది. అందరూ భయపడుతూ చూశారు. చూస్తే, ఏమీ లేదు. ఒకడు చెయ్యి ఊపాడు, ఇంకొకడు కూర్చున్నాడు. అంతే. మూడు కుట్లు పడ్డ దెబ్బ తెర మీద దెబ్బలాగే లేదు.

విలన్ వెనక్కి జరిపి, మళ్లీ జరిపి ఒక షాట్ దగ్గర ఆపాడు. బ్యాటరీ కోసం ఆగినప్పుడు ఆడుకున్నది. పిడికిలి వచ్చింది, మెడ విరిగినట్టు తిరిగింది, భుజం దాని వెంట పోయింది, కాళ్లు తడబడ్డాయి. చూస్తున్న కెమెరావాడు తెలియకుండానే "అబ్బా" అన్నాడు.

"ఇదొక్కటే కొట్టినట్టుంది గదా," అన్నాడు విలన్. "దీంట్ల నాకు చెయ్యే తగల్లే."

కాసేపాగి హీరో వైపు తిరిగాడు. "ఇంకోటి గూడ చూడు. ఇరవై మూడిట్ల నువ్వు నా మొహం చూసింది గీ ఒక్కదాంట్లనే. మిగతయన్నిట్ల కెమెరాను చూస్తున్నవ్."

డైరెక్టర్ లేచి 41 షాట్ల కాగితం తీశాడు. మిగిలిన పద్దెనిమిదిలోంచి ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాడు. పన్నెండుకు వచ్చేసరికి కలం ఆగింది. అక్కణ్నుంచి కొట్టేయడం వాడికి ఎంత కష్టమైందో నేను ఊహించగలను. ఆరు నెలలు బస్సుల్లో, టీ కొట్ల దగ్గర, నిద్రలో మోసిన షాట్లవి. చివరికి తొమ్మిది మిగిలాయి. శనివారం తీసినవాటిలో ఉంచుకున్నది ఒక్కటే. అది ఇరవై నిమిషాల ఆటలో పుట్టింది.

ఆదివారం రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి. కెమెరావాడి మేనమామ పనిచేసే గోదాము ముందు గల్లీ, యజమానిని అడిగి తీసుకున్నారు. ఆరింటికల్లా చేరారు. పదకొండు దాకా కెమెరా సంచి జిప్పు కూడా తీయలేదు. రోజుకింతని డబ్బు కట్టిన కెమెరా మూలన ఊరికే కూర్చుంది. డైరెక్టర్ గంటకోసారి దానివైపు చూసి, ఏమీ అనకుండా ఇరానీ చాయ్ తెచ్చిచ్చాడు. ఆ రెండు రోజుల్లో వాడు చేసిన గొప్ప పని అదే అంటాను.

మొదట నీళ్లలో నడిచినంత నెమ్మదిగా ఆడారు. ఆ తర్వాత కొంచెం వేగంగా. హీరో చెయ్యి వణుకుతోంది, నిన్నటి భయం. గాల్లోనే ఆగిపోతోంది. విలన్ వచ్చి ఆ చెయ్యి పట్టుకుని, తన గడ్డానికి జానెడు దూరంలో పెట్టి చూపించాడు. "గిక్కడి నుంచి పోనియ్. కెమెరా నా భుజం వెనకుంటది, ఈ సందు దానికి కనవడదు. నువ్వు నన్ను చూడు. నేను మెడ తిప్పుత."

పని జరిగేది అలాగే. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. పిడికిలి గడ్డం పక్కనుంచి రెండు మూడు ఫ్రేముల్లో దాటిపోతుంది. వెనకనుంచి చూసే లెన్సుకు ముందు వెనకల దూరం తెలియదు. చూసేవాడి కన్ను ఆ ఖాళీని నింపేది దెబ్బ తిన్నవాడి మెడను చూసి, తర్వాత కలిపే చప్పుడును విని. ఆ చప్పుడు కూడా వాళ్లే పుట్టించారు. చైన్‌ను ఇంట్లోనే వదిలేసి, గోదాము హమాలీ ఇచ్చిన ఎర్ర తువ్వాలును ఆయుధం చేసుకున్నారు. దాన్ని తడిపి గోనెసంచి మీద కొట్టి ఫోన్‌లో రికార్డు చేస్తే ఒళ్లు జలదరించింది. కనుబొమ్మ మీది ప్లాస్టర్‌ను దాచలేదు. నిన్నటి దెబ్బకు బదులు తీర్చుకోవడానికి వచ్చినవాడిగా విలన్ పాత్రనే మార్చుకున్నారు.

తొమ్మిదో షాట్ అయ్యేసరికి వెలుతురు ఇంకా కొంచెం మిగిలే ఉంది. సినిమావాళ్లు మొదటిరోజు కొబ్బరికాయ, ఆఖరిరోజు గుమ్మడికాయ కొడతారు. మోండా మార్కెట్‌లో కొన్న చిన్న గుమ్మడికాయను విలన్ చేతికిచ్చి కొట్టించారు. అనుకున్న ఆరు నిమిషాల సినిమా నాలుగు నిమిషాల లోపే అయింది.

నీతి

టైము తక్కువైనప్పుడు తగ్గించుకోవాల్సింది షాట్లను, సాధనను కాదు. సాధనలో మిగుల్చుకున్న గంట ఎవరో ఒకరి ఒంటిమీద తేలుతుంది. ఎక్కువగా అది, నేనున్నాను కదా అని ముందుకొచ్చి నిలబడ్డవాడి ఒంటిమీదే.

తొందరగా, తక్కువలో తీయడం తప్పని నేను అనడం లేదు. రాబర్ట్ రోడ్రిగెజ్ 1992లో వచ్చిన 'ఎల్ మరియాచి'ని సుమారు ఏడు వేల డాలర్లతో, రెండు వారాల్లో, మెక్సికోలోని ఒక చిన్న పట్నంలో స్నేహితులతో తీశాడు. కెమెరాను చక్రాల కుర్చీలో కూర్చుని నడిపాడు. చాలావరకు ఒక్కో షాట్‌కు ఒక్కటే టేక్. ఆ వేగం చూసి మోసపోకూడదు. ఎడిటింగ్ అంతా ముందే తలలో చేసుకుని, కావాల్సిన ముక్క మాత్రమే తీశాడు. మన డైరెక్టర్ శనివారం రాత్రి కలం పట్టుకుని చేసిన పనిని, అతను ఇంటి దగ్గర్నుంచి బయల్దేరకముందే చేసుకొచ్చాడు.

రెండో వైపు చూస్తే గుండె బరువెక్కుతుంది. 2016 నవంబరు 7న బెంగళూరు దగ్గరి తిప్పగొండనహళ్లి జలాశయంలో 'మాస్తి గుడి' అనే కన్నడ సినిమా పతాక సన్నివేశం తీస్తున్నారు. హీరోతో పాటు విలన్ పాత్రలు వేసిన అనిల్, ఉదయ్ హెలికాప్టర్ నుంచి నీళ్లలోకి దూకారు. హీరో బతికి బయటపడ్డాడు. వాళ్లిద్దరూ ఒడ్డు చేరలేదు. పెద్ద కెమెరాలు, పెద్ద యూనిట్, మీడియా అన్నీ ఉన్నచోటే అలా జరిగింది. మరి ఐదుగురు పిల్లలు, ఒక డాబా, ఒక చైన్ ఉన్నచోట ఎంత జాగ్రత్త ఉండాలి?

నాకు బాగా పట్టింపు ఉన్న మాట ఇంకొకటి ఉంది. పెద్ద సినిమాల్లో దెబ్బ తినేవాళ్లను ఫైటర్లు అంటారు. వాళ్లకు యూనియన్ ఉంటుంది, పైన ఫైట్ మాస్టర్ ఉంటాడు, కింద పరుపులుంటాయి, నడుముకు తాడు ఉంటుంది. ఇది చేయను అని చెప్పడానికి ఒక అడ్డుగోడ ఉంటుంది. స్నేహితుడికి ఆ గోడ లేదు. వాడు వద్దనడు. డబ్బు వేసుకున్నాం, కెమెరా తిరిగి ఇవ్వాలి, వీడి రైలు సోమవారమే అని అన్నీ తెలిసినవాడు కాబట్టి అసలే అనడు. ఒప్పుకోవడం వాడి మంచితనం. ఆ మంచితనాన్ని టైమ్ టేబుల్‌లో రాసుకుని వాడుకోవడం అన్యాయం. అందుకే షార్ట్ ఫిల్మ్ తీసే పిల్లలు ఎవరైనా నన్ను అడిగితే, కెమెరా ఏది అని కాదు, ఆపమనే హక్కు ఎవరికిచ్చారు అని అడుగుతాను.

మన ఐదుగురూ ఆదివారం పొద్దున ఆ హక్కును విలన్‌కు ఇచ్చారు. "యాక్షన్" డైరెక్టర్‌ది, "ఆపు" దెబ్బ తినేవాడిది. ఆ రోజు ఆ మాట నాలుగుసార్లు వినిపించింది. ఒకసారి హీరో బూటు జారింది. ఒకసారి గల్లీ చివరనుంచి ఒకామె నీళ్ల బిందెతో వస్తోంది. మూడోసారి కనుబొమ్మ కుట్లు సలిపాయి, పావుగంట కూర్చున్నారు.

నాలుగోది తొమ్మిదో షాట్ మధ్యలో. వెలుతురు పోతోంది, కెమెరా నడుస్తోంది, హీరో చెయ్యి సగం దూరం వచ్చేసింది. ఈసారి ఆపమన్నది హీరోనే. చెయ్యి అలాగే గాల్లో ఉంది.

"ఏమైందిరా?" అన్నాడు విలన్.

"నువ్వు నన్ను చూస్తలేవు."

విలన్ తల తిప్పి చూశాడు. ఇద్దరూ మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టారు.