డ్యూటీ: ఎవరికి ఎవరి బాకీ?

సూరత్ జిల్లా పల్సానా తాలూకాలో అద్దకం, ప్రింటింగ్ మిల్లులు బోలెడు. సూరత్‌లో తరాలుగా స్థిరపడ్డ తెలుగువాళ్లలో తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలు చాలామంది. అలాంటి కుటుంబాల్లో ఇంటాయన ఏడంటే "డ్యూటీకి పోయిండు" అంటారు. డే డ్యూటీ, నైట్ డ్యూటీ, డబుల్ డ్యూటీ: తెలుగు నోట ఈ మాట గడియారానికి అతుక్కుపోయింది.

ఇంగ్లిషులో దానికి కర్తవ్యమనీ అర్థం, సర్కారు వసూలు చేసే సుంకమనీ అర్థం. రెంటికీ వేరు ఒకటే. వాయిదా కట్టేవాళ్లు "ఈ నెల డ్యూ" అంటారే, ఆ బాకీలోంచే డ్యూటీ పుట్టింది.

కర్తవ్యాన్ని అప్పుగా చూడటం మనకూ పాతదే. బ్రాహ్మణుడు పుట్టుకతోనే ఋషులకు, దేవతలకు, పితరులకు ఋణపడి ఉంటాడని తైత్తిరీయ సంహిత చెప్పింది. శతపథ బ్రాహ్మణం ఇంకో అడుగు వేసింది. ఉన్న ప్రతివాడికీ ఋణముందంటూ నాలుగోది చేర్చింది: సాటి మనుషుల ఋణం. ఇంటికొచ్చినవాళ్లకు చోటు, తిండి పెడితే అది తీరుతుంది. మొదటి మూడింటికి దక్కినంత ప్రచారం దీనికి దక్కలేదు. నిజానికి మిల్లు గేటు దగ్గర అక్కరకొచ్చేది ఇదే.

తామర తూళ్ల నారతో దేవతలకు బట్ట నేసిన భావనాఋషి తమ మూలపురుషుడని పద్మశాలీలు చెప్పుకుంటారు. ఇంట్లో సొంత మగ్గం ఉన్నప్పుడు నేత పనీ, కులదైవం కొలుపూ ఒక్క కప్పు కిందే నడిచేవి. మిల్లులో యంత్రం ఒకరిది, వేళలు నిర్ణయించేది ఇంకొకరు. గీత చెప్పిన స్వధర్మాన్ని అక్కడ కార్మికుడికి మాత్రమే గుర్తుచేయడం అన్యాయం. ఋణమన్నాక ఇచ్చినవాళ్లూ ఉంటారు, తీసుకున్నవాళ్లూ ఉంటారు. ఒళ్లు ఇచ్చింది కార్మికుడు.

గుజరాత్‌లోనే ఈ లెక్క సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు హద్దు పెట్టి, మించితే రెట్టింపు కూలి ఇవ్వాలంది. కోవిడ్ లాక్‌డౌన్ వేళ, 2020 ఏప్రిల్ 17న, రాష్ట్ర ప్రభుత్వం ఆ హద్దును రోజుకు 12 గంటలకు పెంచింది; అదనపు గంటలకు మామూలు కూలి చాలంది. గుజరాత్ మజ్దూర్ సభ వేసిన కేసులో 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. అప్పటికే చేయించుకున్న అదనపు గంటలకు చట్టప్రకారం ఓవర్‌టైమ్ చెల్లించాలని ఆదేశించింది.